ఇరవై ఒక్క రోజులు, నలభై పిట్టలు

1వ తేదీ, శనివారం. ఉదయం 7:10

నేటి నుంచి ఇరవై ఒక్క రోజులు ఏ సినిమా మీదా అభిప్రాయం చెప్పను. బాగుందనను, బాగులేదనను. పెదవి విరవను. నిట్టూర్చను. ఇది నావల్ల కాదనుకునేవారికి నా చరిత్ర తెలియదు: వక్తృత్వ పోటీల్లో ఆరు కప్పులు, ఒక బహిష్కరణ.

కారణం నమోదు చేయడం అవసరం. మా కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో ప్రతి శుక్రవారం సాయంత్రం సినిమా, ఆ వెంటనే చర్చ. చర్చ నడిపేవారి బల్ల మీద చిన్న గంట ఉంటుంది. ఎవరు రెండు నిమిషాలు దాటి మాట్లాడినా కొట్టాలి. ఆ కుర్చీకి ఒకటే నియమం: కూర్చున్నవారు ప్రశ్నలు అడగవచ్చు, సొంత అభిప్రాయం చెప్పకూడదు. ఏడాది చివర వారం రోజుల చిత్రోత్సవం ఉంది. ఏడు సినిమాలు, ఏడు చర్చలు. ఆ కుర్చీ నాకు కావాలి.

నిన్న వెళ్లి అడిగాను. క్లబ్ బాధ్యత చూసే మేడమ్ చరిత్ర పాఠాలు చెబుతారు. జాలి ఆవిడ సిలబస్‌లో లేదు. హాజరు పుస్తకం నా ముందు పెట్టారు.

"పోయిన శుక్రవారం సినిమాకి ఎంతమంది వచ్చారు?"

"నలభై ఆరుగురు, మేడమ్."

"చర్చకి?"

"తొమ్మిది."

"మిగతావాళ్లు ఎందుకెళ్లిపోయారంటావ్?"

"మేధోపరమైన బద్ధకం."

"నీ భయం, అమ్మాయ్. తెర మీద పేర్లు పడుతుండగానే చెప్పులు వెతుక్కుంటున్నారు. నచ్చిందన్నా నువ్వు వదలవు, నచ్చలేదన్నా వదలవు."

ఒప్పందం: ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఈ మూడు శుక్రవారాలూ ఆ కుర్చీ పరీక్షగా నాది. హాల్లో గానీ బయట గానీ ఒక్క అభిప్రాయం నా నోటి వెంట రాకూడదు. వస్తే కుర్చీ మధ్యస్థుడికి.

మధ్యస్థుడు అని నేను పేరు పెట్టిన ఇతను సాహిత్య విభాగం విద్యార్థి. ఏ సినిమా చూసినా "ఒక రకంగా చూస్తే బాగుంది, ఇంకో రకంగా చూస్తే ఇంకా బాగుండేది" అంటాడు. గోడ మీద పిల్లి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక వైపు దూకుతుంది. ఇతను గోడ మీదే ఇల్లు కట్టుకున్నాడు.

నా దీక్షకు సాక్షి నా రూమ్‌మేట్. పేరు కత్తెర. నాలుగు నెలలుగా పదకొండు నిమిషాల సొంత సినిమాను ఎడిట్ చేస్తూనే ఉంది కాబట్టి ఆ పేరు. ఇరవై ఒక్క గళ్లు గీసిన కాగితాన్ని అలమారా తలుపుకు అంటించింది.

"ఇరవై ఒక్క రోజులా? నువ్వా?"

"తర్కం తెలిసిన మనిషికి నిగ్రహం సహజం."

"ముందు ఇరవై ఒక్క నిమిషాలు పెట్టుకోవే. అలవాటవుతుంది."

2వ తేదీ, ఆదివారం. ఉదయం 11:00

క్యాంటీన్. పక్క బల్ల దగ్గర ఇద్దరు, కొత్తగా వచ్చిన పోలీసు సినిమాలో రెండో సగం అద్భుతమంటున్నారు. నేను చేసినవి: టీ తాగాను. కాలింది, అయినా తాగాను. బిస్కెట్ ప్యాకెట్ మీద ఉన్న అక్షరాలన్నీ చదివాను, తయారీ తేదీతో సహా.

జనం వాక్యాలను చివరిదాకా పూర్తి చేస్తారని ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఆసక్తికరమైన విషయం.

రెండు గళ్లు నిండాయి. ఇది ఇంత సులభమని ముందే తెలిస్తే నలభై రోజులు పెట్టుకునేదాన్ని.

4వ తేదీ, మంగళవారం. సాయంత్రం 6:30

అమ్మ ఫోన్. మధ్యాహ్నం టీవీలో వచ్చిన సినిమా కథంతా చెప్పింది. తలకు దెబ్బ తగిలి హీరోయిన్‌కు జ్ఞాపకశక్తి పోతుంది. రెండున్నర గంటల తర్వాత ఇంకో దెబ్బ తగిలి తిరిగొస్తుంది.

"చివర్లో ఏడ్చేశాననుకో. బాగుంటుంది కదే?"

"నీకు నచ్చిందా అమ్మా?"

"ఆఁ, చాలా."

"ఏ సీను ఎక్కువ నచ్చింది?"

అవతల టీవీ శబ్దం తగ్గింది.

"ఏమే, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా."

"గొంతు అదోలా ఉంది. జ్వరమా?"

6:50. నాన్న ఫోన్. "మీ అమ్మ కంగారుపడి కూర్చుందిరా. ఆ సినిమాని ఏదో ఒకటి తిట్టు తల్లీ. ఇంట్లో మనశ్శాంతి ఉంటుంది."

తిట్టలేదు. నాలుగో గడి.

5వ తేదీ, బుధవారం. సాయంత్రం 5:15

కత్తెర తన సినిమా చూపించింది. ఇరవై ఒకటిన విద్యార్థుల సినిమాల ప్రదర్శనలో వేస్తారు. ఇరవై ఐదున పోటీకి పంపాలి.

కాలేజీ వెనక వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ. రోజంతా మనుషుల కొలతలు తీసి గట్టిగా చెబుతుంటే సహాయకురాలు పుస్తకంలో రాసుకుంటుంది. అంతే. పదో నిమిషంలో దుకాణం ఖాళీ అవుతుంది. సహాయకురాలు వెళ్లిపోయింది. ఆవిడ అద్దం ముందు నిలబడి, టేపు తన నడుముకే చుట్టి, అంకె గట్టిగా చెబుతుంది. రాసుకోవడానికి ఎవరూ లేరు. ఒక్క క్షణం ఆగి, టేపును వేళ్లకు చుట్టుకుంటుంది.

అక్కడ నా గొంతులో ఏదో అడ్డుపడింది. పొద్దున తిన్న బ్రెడ్ బాగా పొడిగా ఉంది, దానివల్ల కావచ్చు. కిటికీ వైపు తిరిగి దగ్గాను.

ఇటు తిరిగేసరికి పిట్టలు. సూర్యాస్తమయంలో ఎగిరిపోతున్న పిట్టలు. నలభై, లెక్కపెట్టాను. యాభై సెకన్లు. వెనక వయొలిన్.

"ఎలా ఉంది?"

"నీకెలా అనిపించింది?"

"నేను తీసినదాని గురించి నన్నే అడుగుతావేంటే? నిన్నడుగుతున్నా."

"కుర్చీ నియమం తెలుసుగా."

"కుర్చీ ఎక్కడుందిక్కడ? మంచం మీద కూర్చున్నావ్."

"సాక్షివై ఉండి నేరానికి ప్రేరేపిస్తావా?"

నవ్వింది. ఎప్పుడూ నవ్వే నవ్వు కాదు. ఐదో గడి తనే నింపింది, కొంచెం గట్టిగా.

7వ తేదీ, శుక్రవారం. రాత్రి భోజనానికి ముందు

మొదటి పరీక్ష. సినిమా: దీపస్తంభం, ముసలాయన, సముద్రం, మూడు గంటలు. మొదటి మాట డెబ్బయ్యో నిమిషంలో వచ్చింది. అది "ఊఁ".

మధ్యస్థుడు లేచాడు. "మిత్రులారా, ఒక రకంగా చూస్తే ఇది నెమ్మది. ఇంకో రకంగా చూస్తే లోతు." నేను గంట దగ్గరకు లాక్కున్నాను. అతను రెండు నిమిషాల్లోపే ముగించాడు. దుర్మార్గుడు.

తర్వాత రసాయనశాస్త్రం అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. "నాకు మధ్యలో నిద్రపట్టేసింది. కానీ మెలకువొచ్చి చూస్తే ఆ దీపం ఇంకా తిరుగుతూనే ఉంది. ఎందుకో ధైర్యంగా అనిపించింది."

ఈ రకం సినిమాల మీద నేను పదిహేను వ్యాసాలు చదివాను. ఒక్కదానిలోనూ ఈ మాట లేదు. ఇన్నాళ్లూ చెప్పులు వెతుక్కున్న ముప్పై ఏడుగురిలో ఈమె కూడా ఉండి ఉంటుంది.

చర్చకు ఆగినవారు ముప్పై ముగ్గురు. మేడమ్ తల ఊపారు. ఆవిడ తల ఊపడం ప్రభుత్వ గెజిట్‌తో సమానం.

9వ తేదీ, ఆదివారం. మధ్యాహ్నం 12:20

దీక్షకు కొన్ని స్పష్టీకరణలు అవసరమని తోచింది. ఇవి సడలింపులు కావు.

సవరణ ఒకటి: ట్రైలర్ సినిమా కాదు, ప్రకటన. సబ్బు ప్రకటన గురించి మాట్లాడితే సబ్బు గురించి మాట్లాడినట్టా?

సవరణ రెండు: సీరియల్ సినిమా కాదు. అసలు ఏమిటో ఎవరికీ తెలియదు.

సవరణ మూడు: పోస్టర్ కాగితం.

మూడో సవరణ కింద క్యాంటీన్ గోడ ముందు నిలబడి పద్నాలుగు నిమిషాలు మాట్లాడాను. హీరో ముఖం మీద రక్తపు చార ఎప్పుడూ ఎడమ చెంప మీదే ఎందుకుంటుందన్నది ప్రధానాంశం. శ్రోత టీ మాస్టర్.

"అమ్మా, ఆ పోస్టర్ నిన్న ఊడిపోతే నేనే మళ్లీ అంటించా," అన్నాడాయన. "నా మీద కోపమొచ్చిందా?"

కత్తెర గడి దగ్గర పెన్సిల్ పట్టుకుని ఆగింది.

"నింపమంటావా?"

"నింపు. పోస్టర్ కాగితం."

"పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందట."

సగం నింపింది. అసలు పూర్తిగా నింపిన గడికి, సగం నింపిన గడికి మధ్య భేదం ఎవరు నిర్వచించారు?

11వ తేదీ, మంగళవారం. ఉదయం 8:00

కత్తెర నాతో పెద్దగా మాట్లాడటం లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ పదో నిమిషమే ముందుకీ వెనక్కీ తిప్పుతోంది. నేను పుస్తకం చదువుతున్నాను. అరగంటలో పేజీ తిప్పలేదు. పుస్తకం కఠినమైనది.

14వ తేదీ, శుక్రవారం. సాయంత్రం 7:30

రెండో పరీక్ష. విధి నా మీద పగబట్టింది. కోర్టు సినిమా.

హీరో లాయరు. చివరి వాదనలో సాక్ష్యం లేదు, చట్టం లేదు, కళ్లనీళ్లు ఉన్నాయి. "మీకూ ఒక తల్లి ఉంది కదా, యువరానర్" అంటాడు. జడ్జి కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. నిర్దోషి. ఆరు కప్పులు గెలిచిన మనిషిని కూర్చోబెట్టి ఇది చూపించారు.

చర్చలో నేను అడిగిన ప్రశ్నలు:

"హీరో చివరి వాదనలో తర్కం అనే పదార్థం ఎవరికైనా కనిపించిందా? కనిపిస్తే ఎన్నో నిమిషంలో?"

"ఆ జడ్జి తల్లి బతికి లేకపోతే ముద్దాయికి ఉరి ఖాయమని మనం భావించవచ్చా?"

"ఈ రచయితకు కోర్టు ఏ వీధిలో ఉంటుందో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని మీలో ఎంతమందికి అనిపించింది?"

హాలు పగలబడి నవ్వింది. చాలా రోజుల తర్వాత ఊపిరి ఆడింది. మేడమ్ ఒక చీటీ పంపారు: "అడగడం వేరు, కరవడం వేరు. ఇంకొక్కసారి అయితే కుర్చీ లేదు."

గదికి వచ్చి కత్తెరకు నా వాదన వినిపించాను: నేను వాడినవన్నీ ప్రశ్నలే, నియమం ప్రశ్నలను అనుమతిస్తుంది, కాబట్టి నేరం లేదు.

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు," అంది కత్తెర, తెర మీద నుంచి కళ్లు తీయకుండా.

16వ తేదీ, ఆదివారం. ఉదయం 10:40

ప్రాణం లేని వస్తువులతో మాట్లాడటం అభిప్రాయ ప్రకటన కిందికి రాదు. బట్టలు ఉతుక్కునే చోట బకెట్‌కు కోర్టు సినిమా గురించి నా అభిప్రాయం సంపూర్ణంగా చెప్పాను. అది అడ్డుచెప్పలేదు. ఉత్తమ శ్రోత.

పక్క గది అమ్మాయి తలుపు దగ్గర ఎప్పుడు నిలబడిందో తెలియదు.

"అక్కా, ఆ బకెట్ ఏం చేసింది పాపం?"

18వ తేదీ, మంగళవారం. సాయంత్రం 5:50

రాయాలని లేదు. రాస్తున్నాను.

కత్తెర లాప్‌టాప్ మూసి నా వైపు తిరిగింది. "టేపు షాటు తీసేస్తున్నా."

"ఏ టేపు షాటు?" అన్నాను, తెలిసి కూడా.

"అద్దం ముందుది. అక్కడ సాగదీసినట్టుంది. నువ్వు సరిగ్గా అక్కడే కిటికీ వైపు తిరిగావ్. నేను తెర చూడలేదే ఆ రోజు, నిన్నే చూశా. పది నిమిషాలు కదలకుండా చూసి, టేపు దగ్గరకొచ్చేసరికి మొహం తిప్పేశావ్."

నేను మొహం ఎందుకు తిప్పానో చెప్పాలంటే ఆ షాటు గురించి చెప్పాలి. అది అభిప్రాయం. ఇంకా మూడు రోజులు.

"దగ్గొచ్చింది," అన్నాను.

"నువ్వు తిడితే సినిమా బతికుందని లెక్క. నువ్వు ఊరుకున్నావంటే పోయిందని లెక్క. నాకు తెలియదా?"

"దీక్ష కదే..."

"గడి నింపను. ఎవరికీ చెప్పను. ఒక్క మాట చెప్పు."

సాక్షి అబద్ధమాడటానికి సిద్ధపడింది. నాకు ఏడు సినిమాలు, ఏడు చర్చలు, గంట కనిపించాయి.

"శుక్రవారం దాకా ఆ షాటు ఉంచు," అన్నాను. "హాల్లో నలుగురూ ఏమంటారో విని తీసెయ్."

ఇది అభిప్రాయం కాదు. వాయిదా. వాయిదాలు తర్కసమ్మతమే.

పద్దెనిమిదో గడి పూర్తిగా నింపింది. సగం నింపినా బాగుండేది.

21వ తేదీ, శుక్రవారం

ఉదయం 7:00. చివరి రోజు. చర్చ ముగిసే ఏడింటిదాకా ఇంకో పన్నెండు గంటలు. నాలుకను బడికి పంపే పిల్లలా బుజ్జగించాను.

సాయంత్రం 4:30. విద్యార్థుల సినిమాలు నాలుగు. కత్తెరది మూడోది. హాల్లో యాభై రెండు మంది. మేడమ్ మొదటి వరుస. నేను కుర్చీలో.

5:48. కత్తెర సినిమా. టేపు షాటు. ఈసారి కిటికీ లేదు. పై కప్పు చూశాను.

6:25. చర్చ. మధ్యస్థుడు లేచాడు. "మిత్రులారా, ఒక రకంగా చూస్తే బాగుంది. ముఖ్యంగా చివర పిట్టలు. స్వేచ్ఛకి ప్రతీక. ఇంకో రకంగా చూస్తే, ఆ పిట్టలు లేకపోతే చెప్పుకోవడానికి ఏముంది? ఒకావిడ టేపు చుట్టుకుంటుంది. అంతే కదా."

6:27. రెండో వరుసలో కత్తెర లేచి, "నేనూ అదే అనుకుంటున్నా. టేపు తీసేసి, పిట్టల్ని ఇంకొంచెం పెంచుతాను," అంది. నా వైపు చూడలేదు.

6:28. నేను గంట చూశాను. మేడమ్‌ను చూశాను. కుర్చీని చివరిసారిగా చేత్తో తడిమాను. లేచాను.

ఏం మాట్లాడానో వరుసగా గుర్తులేదు. పిట్టలతో మొదలుపెట్టాను. సినిమా ఎలా ముగించాలో తెలియనప్పుడల్లా ఆకాశం వైపు కెమెరా ఎత్తడం తప్పించుకోవడమేనని, ఆ నలభై పిట్టల్లో ఏ ఒక్కదానికీ ఆ దుకాణంతో సంబంధం లేదని, వయొలిన్ వాయించి ఏడవమంటే ఏడవడానికి మేము అద్దెకొచ్చినవాళ్లం కామని అన్నాను. రెండు నిమిషాలయింది. గంట నేనే కొట్టాను. "తరువాతి వక్త," అని నన్ను నేనే పిలుచుకున్నాను.

తర్వాత టేపు. రోజంతా ఊరందరి కొలతలూ చెప్పిన మనిషి, తన కొలత తను చెప్పుకుంటే రాసుకునేవాళ్లు లేరు. అలవాటు కొద్దీ గట్టిగా చెప్పింది. ఆ అంకె గదిలో అలా నిలబడిపోయింది. ఇందులో ఒక్క మాట వివరణ లేదు, సంగీతం అక్కర్లేదు. "అంతే కదా" అంటున్నావే, అవును, అంతే. అంతే చెప్పి ఆగగలిగినవాళ్లు ఈ కాలేజీలో ఇంకెవరున్నారో చూపించు. కత్తెర వైపు తిరిగాను: ఈ షాటు తీసేస్తే నీ కత్తెర లాక్కుని కాలవలో పారేస్తాను. ఆ రోజు నేను కిటికీ వైపు తిరిగింది విసుగొచ్చి కాదు. బ్రెడ్ వల్లా కాదు.

ఇంకో నాలుగుసార్లు గంట కొట్టుకున్నట్టున్నాను.

కూర్చున్నాను. కత్తెర తన ఫోన్‌లో గడియారం చూసి, ముక్కు తుడుచుకుంది.

"పదకొండు నిమిషాల నలభై సెకన్లు," అంది. "నా సినిమా కంటే నీ విమర్శే పొడుగు. మధ్యలో మూడు నిమిషాలు కత్తిరించొచ్చు."

7:20. గది. ఇరవై ఒకటో గడి ఖాళీ. దీక్ష ముగియడానికి అరగంట ముందు దీక్ష ముగిసింది.

22వ తేదీ, శనివారం. ఉదయం 10:15

మేడమ్ గది.

"కుర్చీ అతనికిస్తున్నా."

"న్యాయమే, మేడమ్."

"వాదించవా?"

"వాదించడానికి ఏమీ లేదు."

హాజరు పుస్తకం నా ముందుకు జరిపారు. యాభై రెండు. చర్చ చివర్లో కూడా యాభై రెండు. "నిన్న ఒక్కరూ చెప్పులు వెతుక్కోలేదు. ఎందుకో ఆలోచించు."

"అయితే మేడమ్, తర్కం ప్రకారం కుర్చీ..."

"అతనిదే. నువ్వు కుర్చీలో కూర్చునే మనిషివి కావు. కుర్చీకి ఎదురుగా కూర్చునే మనిషివి. ఆ గంట ఎవరి కోసం కొనిపించాననుకున్నావ్?"

బయట వరండాలో మధ్యస్థుడు ఎదురయ్యాడు. గంటను రుమాలుతో తుడుస్తున్నాడు.

"నిన్న నువ్వు చెప్పింది, ఒక రకంగా చూస్తే..."

"పూర్తి చెయ్యి."

"నిజమే." రెండో రకం రాలేదు. గోడ దిగడం అతనికి అలవాటు లేదు, కొంచెం తూలినట్టు కనిపించాడు.

24వ తేదీ, సోమవారం. ఉదయం 7:10

కొత్త దీక్ష. ఇరవై ఒక్క రోజులు. మేడమ్ ఆలోచించమన్నారు, ఆలోచించాను. నిన్నటిదాకా నా దగ్గర తిట్లకు నిఘంటువు ఉంది, మెచ్చుకోలుకు బ్రెడ్ ముక్క ఉంది. కాబట్టి నియమం: ఏ సినిమాను తిట్టాలన్నా ముందుగా అందులో బాగున్నది ఒకటి చెప్పి తీరాలి. నిజంగా బాగున్నది. సవరణలు లేవు. బకెట్‌కు కూడా ఇదే నియమం.

7:30. అమ్మకు ఫోన్. జ్ఞాపకశక్తి సినిమాలో రెండో దెబ్బ మొదటి దెబ్బ తగిలిన చోటే తగలడం వైద్యపరంగా మెచ్చదగిన కచ్చితత్వమని చెప్పి, తర్వాత ఇరవై నిమిషాలు తిట్టాను. "హమ్మయ్య," అంది అమ్మ. పక్కనుంచి నాన్న, "తగ్గిందా?" అనడం వినిపించింది.

8:05. కత్తెర పాత కాగితం మీద కొత్త కాగితం అంటించింది. రేపు సినిమా పంపాలి. లాప్‌టాప్ నా వైపు తిప్పింది.

"చివరిసారి. చూడు."

8:17. చూశాను. కిటికీ తెర ముందే వేసి కూర్చున్నాను. టేపు ఉంది. వయొలిన్ లేదు. టేపు వేళ్లకు చుట్టుకునే చప్పుడు మాత్రమే. ఆ తర్వాత, ఎనిమిది సెకన్లు, ఆకాశం. పిట్టలు. ఎనిమిది.

"ఇవెందుకు?" అనబోయాను. అలమారా మీద ఖాళీ గడి కనిపించింది.

"అవి నా ఇష్టం," అంది కత్తెర. చేతిలో దిండు సిద్ధంగా ఉంది. "చెప్పు. ముందు మంచిది."

నిజాయితీగా ఆలోచించాను. ఒక నిమిషం పట్టింది.

"ముప్పై రెండు పిట్టలు లేకపోవడం," అన్నాను, "చాలా బాగుంది."

8:19. దిండు ముఖానికి తగిలింది. దీక్ష భద్రం.